వరుస ఇటు తిరిగింది

"తొక్కు, ఇంకా తొక్కు" అంటోంది ఎనిఫా వెనక నుంచి.

నేను తొక్కుతూనే ఉన్నాను. డెడ్జా కొండ దిగువన మా దారి అంతా ఎత్తుపల్లాలే. అక్టోబరు చివర. వానలు ఇంకా మొదలు కాలేదు. చేలల్లో పారలతో బోదెలు ఎగదోస్తున్నవాళ్ళు తలెత్తి మమ్మల్ని చూసి పలకరింపుగా పారలు ఊపారు. ఎనిఫా కూడా చెయ్యి ఊపింది. ఆమె ఊపినప్పుడల్లా సైకిలు ఒక పక్కకి ఒరుగుతోంది.

"కుదురుగా కూర్చో."

"ఇవాళ కుదురుగా ఎట్లా కూర్చుంటానయ్యా. నువ్వేం మాట్లాడవేం?"

"తొక్కుతున్నా గదా."

"తొక్కేవాళ్ళకి నోరుండదా?"

"ఊపిరి ఉండదు."

ఆమె నవ్వింది. నా వీపు మీద నుదురు ఆనించి ఏదో గొణుక్కుంటోంది. సభలో చెప్పబోయే మాటలే. నాలుగు రోజులుగా పొయ్యి ముందు కూర్చుని చిక్కుడు గింజలకి కూడా అవే చెబుతోంది. తెల్లవారుజామునే లేచి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తను నడుముకి చుట్టుకునే కొత్త చితెంజె గుడ్డని మడతలు కనబడకుండా రుద్దింది. నా చొక్కా కూడా రుద్దింది. నాకెందుకని అడిగితే, నువ్వూ వరుసలో నిలబడతావు గదా అంది.

మేం పోతున్నది హెల్త్ సెంటరు పక్కనున్న ఫుట్‌బాల్ మైదానానికి. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో హెచ్‌ఐవీ మందు వేసుకునేవాళ్ళందరం అక్కడ చేరి ఒక మనిషిని ఎన్నుకోవాలి. ఆ మనిషి రాజధానికి, లిలోంగ్వేకి పోయి, దేశం మొత్తానికి ఈ మందు ఎట్లా ఇవ్వాలో తేల్చే బల్ల దగ్గర మా తరపున కూర్చుంటాడు. ఇప్పటిదాకా వాట్సన్ అనే ఆయన కూర్చున్నాడు. హెల్త్ సెంటరు గోడ పక్కనే ఆయన ఇల్లు. మోటారు సైకిలుంది. వెళ్ళిన ప్రతి సభ నుంచీ ఒక సంచీ, ఒక టోపీ తెచ్చుకుంటాడు. ఆయన ఇంట్లో ఉల్లిపాయలు కూడా సభల సంచుల్లోనే ఉంటాయి.

పోయిన నెల ఆయన ఒక కబురు తెచ్చాడు. కొత్త సంవత్సరం నుంచి ఎవరి మందు వాళ్ళే వచ్చి తీసుకోవాలని బల్ల దగ్గర అనుకున్నారట. ఆయన కూడా చెయ్యెత్తాడట.

అది వినగానే మా ఊరి ఆడవాళ్ళ ముఖాలు నేను చూశాను. మాకొక పద్ధతి ఉంది. ఆరుగురం ఒక జట్టు. మందు తెచ్చే రోజుకి ముందటి రోజు అందరం ఒకచోట చేరతాం. ఎవరికి దగ్గు, ఎవరికి జ్వరం, ఎవరి డబ్బాలో బిళ్ళలు ఎన్ని మిగిలాయి, అన్నీ చెప్పుకుంటాం. మర్నాడు ఒక్కరే పోయి ఆరుగురి మందూ తెస్తారు. వచ్చే నెల ఇంకొకరు. వానాకాలంలో మా వాగు పొంగుతుంది. చంటిబిడ్డని వీపున కట్టుకుని వాగు దాటడం ఒకరికి ఏడాదికి రెండుసార్లయితే ఎట్లాగో దాటతారు. నెల నెలా అందరూ దాటాలంటే కొందరు మందు మానేస్తారు. మానేసినవాళ్ళు ఏమవుతారో మాకు తెలుసు. మా ఊరి వెనక గుట్ట మీద వాళ్ళున్నారు.

"చెయ్యెత్తే ముందు ఒక్కసారి మమ్మల్ని అడగొచ్చు గదా" అంది ఎనిఫా ఆ రోజు వాట్సన్‌తో.

"అక్కడ ఇంగ్లీషులో మాట్లాడతారమ్మా. టైము ఉండదు" అన్నాడు ఆయన.

"వాగుకి ఇంగ్లీషు రాదు" అంది ఎనిఫా.

ఆ సాయంత్రమే ఆడవాళ్ళు ఈసారి ఎనిఫానే నిలబెట్టాలని తేల్చారు.

నాకు ఆ తేల్చడంలో నోరు లేదు. నేను ఇల్లరికం అల్లుణ్ణి. మా వైపు పెళ్ళైతే మగవాడే ఆడదాని ఊరికి వచ్చి ఇల్లు కట్టుకుంటాడు. పొలం ఆమెది, ఇల్లు ఆమెది, పిల్లలు ఆమె పుట్టింటి వాళ్ళు. అంతా ఆమెదే గాని నలుగురిలో మాట మాత్రం ఆమెది కాదు. అది ఆమె మేనమామది. ఆయన్ని పెద్దదిక్కు అంటారు. పెళ్ళయినా తగువైనా చావైనా, ముందు పెద్దదిక్కు లేచి దారి తెరవాలి. ఆయన తెరిచాక ఆడది మాట్లాడితే మర్యాద. తెరవకుండా మాట్లాడితే, పెంచినవాళ్ళకి తలవంపు.

ఎనిఫాకి పెద్దదిక్కు యోతాము మామయ్య.

ఆయన మా కంటే ముందే మైదానం దగ్గరకొచ్చి, యూకలిప్టస్ చెట్ల కింద నిలబడి ఉన్నాడు. ఆ ఎండలో నల్ల కోటు వేసుకున్నాడు. చేతికర్ర వెండిపొన్నుది. నన్ను చూసి, "ఏమల్లుడూ, సైకిలు నువ్వు తొక్కావా, అది నిన్ను తొక్కిందా?" అన్నాడు. నేను తల వంచి దణ్ణం పెట్టాను.

"మామయ్యా, మర్చిపోవుగా" అంది ఎనిఫా, మోకాళ్ళు కొద్దిగా వంచి. "నువ్వు దారి తెరిచి పక్కకి జరగాలి. ఆ తర్వాత నేను వస్తా."

"మీ అమ్మ పెళ్ళికి దారి తెరిచింది నేను. నీ పెళ్ళికి తెరిచింది నేను. నాకు నేర్పుతున్నావంటే నువ్వు పెద్దదానివే అయ్యావు."

"పెళ్ళప్పుడు నువ్వు గంటసేపు మాట్లాడావు మామయ్యా. వండిన న్సీమా ముద్ద చల్లారిపోయింది."

"మంచి సంబంధానికి ఆ మాత్రం మాట్లాడాలి" అని నా వైపు చూసి, "మంచి సంబంధమే అనుకున్నాను మరి ఆనాడు" అన్నాడు.

ఆయన గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. మా జట్టులో ఆరుగురమన్నాను. ఎనిఫా, నేను, మా జట్టు పెద్ద డొరికా, రోడ్డు పక్కన ఆలుగడ్డలు వేయించి అమ్మే అక్కచెల్లెళ్ళు ఇద్దరు. ఆరో మనిషి పేరు ఎవరూ ఎత్తరు. "మేకపాక డబ్బా వచ్చిందా?" అని అడుగుతుంది డొరికా. "వచ్చింది" అంటుంది ఎనిఫా. మందు తెచ్చిన రోజు ఎనిఫా మేనమామ ఇంటికి కూరాకు ఇచ్చే నెపంతో పోతుంది. ఆయన ఇంటి వెనక గుంజల మీద కట్టిన మేకపాక ఉంది. దాని చూరులో చెయ్యి పెట్టి వస్తుంది. నేను చూశాను. ఆయన మాతో చేరినప్పటి నుంచీ చూస్తున్నాను. ఎవరితోనూ అనలేదు. ఊరికి పెద్దదిక్కులా తిరిగే మనిషి హెల్త్ సెంటరు గుమ్మం ఎక్కితే నలుగురూ చూస్తారని ఆయన భయం. ఆయనకి బదులు ఎనిఫా ఇన్నేళ్ళుగా ఎక్కుతోంది.

మైదానం నిండిపోయింది. చంటిపిల్లలు, గొడుగులు, తోబ్వా అంబలి కుండలు. రెండు గోలుపోస్టుల మధ్య బల్ల వేసి, లిలోంగ్వే నుంచి వచ్చిన లుహంగా అనే అధికారి కూర్చున్నాడు. సన్నటి మనిషి, కళ్ళజోడు. ఎండకి చెమటలు కారుతున్నా నవ్వు తగ్గలేదు. ఆయన ఉత్తరాది మనిషి. వాళ్ళ వైపు పెళ్ళైన ఆడది మొగుడి ఊరికి పోతుంది. మేనమామ ముందు నిలబడి మాట్లాడే పద్ధతి వాళ్ళకి లేదు. ఈ సంగతి ఆ పూట మాలో ఎవరికీ తట్టలేదు. మాకది నీళ్ళు తాగడం లాంటిది. ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

"మందు వేసుకునేవాళ్ళే వరుసలో నిలబడాలి" అన్నాడు లుహంగా మైకులో. "కూడా వచ్చినవాళ్ళు చెట్ల కింద ఉండండి. పోటీ చేసేవాళ్ళు ముందుకొచ్చి నిలబడండి. మీకు నచ్చిన మనిషి వెనక వరుస కట్టండి. ఏ వరుస పొడుగైతే ఆ మనిషి గెలిచినట్టు. ఎవరు గెలిచినా, నేను ఈ మందు వేసుకుంటున్నానని అందరి ముందూ తన నోటితో చెప్పాలి. దాచుకుని మన తరపున మాట్లాడలేరు గదా."

వాట్సన్ తన టోపీ సర్దుకుంటూ పోయి ఎడమ వైపు నిలబడ్డాడు. అప్పుడు యోతాము మామయ్య చేతికర్ర టకటకలాడిస్తూ పోయి కుడి వైపు నిలబడ్డాడు.

"నేను వచ్చాను" అన్నాడు పెద్ద గొంతుతో. "ఈ ఇంటి మాట నాది. ఈ ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ ఇంతవరకూ ఇచ్చిన మాట తప్పలేదు. మా అమ్మ ఈ మైదానం అడవిగా ఉన్నప్పుడు..."

పెద్దదిక్కు అట్లాగే మాట్లాడాలి. అందులో తప్పు లేదు. మా వాళ్ళందరికీ అర్థమవుతోంది, ఆయన ఎనిఫాకి దారి తెరుస్తున్నాడని. కాని ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళ అమ్మ అయ్యాక వాళ్ళ అమ్మమ్మ మొదలైంది. ఎనిఫా చెట్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, పక్కకి జరగమని కళ్ళతో చెబుతోంది. ఆయన ఆకాశం వైపు చూసి మాట్లాడుతున్నాడు.

లుహంగా గడియారం చూసుకున్నాడు. "మంచిది పెద్దాయనా, చాలు. ఇక వరుసలు కట్టండి."

జనం ఒక్కసారిగా లేచారు. లుహంగాకి ఇద్దరు పోటీదార్లు కనబడ్డారు, అంతే. మా ఆడవాళ్ళు పరుగున పోయి యోతాము మామయ్య వెనక నిలబడ్డారు. అందరికంటే ముందు డొరికా. ఆమె అరవై దాటిన మనిషి, ఆ పరుగు చూస్తే ఎవరూ నమ్మరు. పెద్దదిక్కు వెనక నిలబడితే పిల్ల వెనక నిలబడినట్టే గదా అని వాళ్ళ లెక్క. అల్లుణ్ణి కాబట్టి నేను అందరికన్నా వెనక నిలబడ్డాను. ఏం చెయ్యాలో తోచక ఎనిఫా వచ్చి నా వెనక నిలబడింది.

"ముందుకు పో" అన్నాను.

"ఆయన జరగలేదే. జరగకుండా ఎట్లా పోతాను?"

రెండు వరుసలూ గోలుపోస్టులు దాటి పాములా పెరిగాయి. వాట్సన్ వెనక మగవాళ్ళు ఎక్కువ. ఆయన ఇచ్చిన టోపీలు చాలా తలల మీద ఉన్నాయి. లుహంగా తన మనిషితో కలిసి రెండుసార్లు లెక్క పెట్టాడు. ఎవరూ కదలడం లేదు. వీపున ఉన్న పిల్లలు కూడా ఏడవడం మానేశారనిపించింది.

"కుడి వరుస. ఒక్క మనిషి ఎక్కువ."

ఆడవాళ్ళు నాలుకలు ఆడిస్తూ సంబరపు కేకలు పెట్టారు. కొండకి తగిలి ఆ కేకలు మళ్ళీ వచ్చాయి. ఎనిఫా వెనక నుంచి నా చొక్కా గట్టిగా పట్టుకుంది. ఇస్త్రీ చెడిపోతుందని నేను అనలేదు.

లుహంగా పోయి యోతాము మామయ్య చేయి పట్టి ఊపాడు. బల్ల మీద నుంచి కొత్త టోపీ, కొత్త సంచీ తీసి ఇచ్చాడు. "అభినందనలు యోతాము గారూ. మీరిక దేశం బల్ల దగ్గర కూర్చుంటారు."

కేకలు ముందు వరుసలో ఆగాయి. ఆ ఆగడం ఒక్కొక్కరుగా వెనక్కి పాకి మా దాకా వచ్చింది.

యోతాము మామయ్య టోపీ చేతిలోకి తీసుకున్నాడు. నేను ఆయన వీపునే చూశాను. అయినా తెలిసింది. ఆ భుజాలు ముందు ఎత్తుకున్నాయి. పొరపాటు ఆయనకి అర్థమైంది. అర్థమయ్యాక కూడా టోపీ పెట్టుకున్నాడు. కొంచెం తిరిగి ఎవరికీ చెప్పనట్టుగా, "ఒకే ఇల్లే గదా" అన్నాడట.

"ఏ ఇల్లయ్యా" అందట డొరికా ఆయన వెనక నుంచి. "ఓటేసింది పిల్లకి."

లుహంగాకి వినబడలేదు. మైకు పెద్దాయన నోటి దగ్గర పెట్టాడు. "ఇక మీ నోటితో చెప్పండి."

యోతాము మామయ్య గొంతు సవరించుకున్నాడు. గంటసేపు మాట్లాడగల మనిషి. "నేను... ఈ ఇంటి తరపున..."

"ఇంటి తరపున కాదు పెద్దాయనా. మీ ఒంటి తరపున."

ఇప్పుడు భుజాలు దిగాయి. ఎండలో నిలబడి ఉన్న ఇన్ని ఊళ్ళ జనం ఆయన నోటి వైపే చూస్తున్నారు. మేకపాక చూరులో దాచినదంతా ఆ మైకు అడుగుతోంది. అవునంటే ఇన్నేళ్ళ పరువు పోతుంది. కాదంటే అబద్ధం, పైగా వరుస మొత్తం చెల్లదు.

నా చొక్కా వదిలేసింది ఎనిఫా.

"అయ్యా" అంది. గట్టిగానే అంది, కాని అరవలేదు. "నేను ఈ మందు వేసుకుంటున్నాను. నా పెద్దకొడుకు పుట్టక ముందు నుంచీ వేసుకుంటున్నాను. నా పేరు ఎనిఫా. వీళ్ళు నిలబడింది నా కోసం. ఆయన మా పెద్దదిక్కు, నాకు దారి తెరవడానికొచ్చాడు. మీరు తొందరపెట్టారు, ఆయన జరగలేదు."

"మీరు ఎక్కడున్నారమ్మా?" లుహంగా చూపు వరుస పొడుగునా వెతుకుతోంది.

"తోకలో ఉన్నాను." తర్వాత మా అందరితో అంది. "ఎవరి కోసం నిలబడ్డారో ఆ మనిషి వైపు తిరగండి."

ముందు నేను తిరిగాను. ఆమెకి దగ్గరగా ఉన్నది నేనే కాబట్టి. చెమటతో మెరుస్తున్న ఆ ముఖం నేను రోజూ చూసేదే. ఆ రోజు కొత్తగా ఉంది. నా వెనక కాళ్ళ చప్పుడు మొదలైంది. దుమ్ము లేచింది. ఒక్కొక్కరుగా, చితెంజెలు సర్దుకుంటూ, పిల్లల్ని భుజాలు మార్చుకుంటూ వరుస మొత్తం తిరిగింది. నేను మెడ తిప్పి చూశాను. డొరికా తిరిగింది. ఆమె తర్వాత, అందరి చివర, యోతాము మామయ్య ఒక్కడే మిగిలాడు. తల తోకయింది, తోక తలయింది.

లుహంగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కన ఉన్న నర్సమ్మ ఆయన చెవిలో మా పద్ధతేదో చెప్పింది. ఆయన నుదురు కొట్టుకుని నవ్వాడు. "మా అమ్మ కూడా నాకు చెప్పాల్సింది, దక్షిణానికి పోతే మేనమామల్ని జాగ్రత్తగా చూడమని. సరే. పోటీదారు ఈమె. నాకు ఇబ్బంది లేదు."

"నాకుంది" అన్నాడు వాట్సన్.

ఆయన తెలివైనవాడు. అది నేనెప్పుడూ కాదనను. "ఇందాక లెక్కలో ఈ అమ్మాయి కూడా ఒకతె. ఇప్పుడు తనే పోటీదారు గదా, లెక్కలోంచి పోతుంది. ఒక్క మనిషే గదండీ ఎక్కువ ఉన్నది. ఇప్పుడు సమానం. సమానమైతే ఉన్నవాడే ఉంటాడు. ఆ రూలు మీరే చదివారు పొద్దున."

లుహంగా నవ్వు పోయింది. అవును, చదివాడు.

ఆయన మళ్ళీ లెక్క పెట్టాడు. ఎనిఫాని వదిలి నాతో మొదలుపెట్టి, ఒక్కొక్కరినీ వేలితో చూపిస్తూ, పెదాలు కదుపుతూ వెళ్ళాడు. మేమందరం మెడలు తిప్పి ఆయన వెంటే చూస్తున్నాం. డొరికా దగ్గర ఆగాడు. సమానం. ఆ తర్వాత నిలబడి ఉన్న మనిషి వైపు చూశాడు.

"పెద్దాయనా, మీరు వరుసలో ఉన్నారా, పక్కన ఉన్నారా?"

యోతాము మామయ్య రెండు చేతులా కర్ర పట్టుకుని నేల చూస్తున్నాడు. పక్కకి ఒక్క అడుగు వేస్తే చాలు. చెట్ల కింద మిగతా ఊళ్ళ పెద్దదిక్కులు ఉన్నారు. ఆయన వయసువాళ్ళు, ఆయనతో గుంటల బల్ల మీద బావో ఆడేవాళ్ళు. అందరూ చూస్తున్నారు.

డొరికా నోరు తెరిచింది. "మేకపా..."

"పెద్దమ్మా" అంది ఎనిఫా అంత దూరం నుంచి. ఆ ఒక్క పిలుపుకి డొరికా నోరు మూసింది. అంతకుముందు డొరికా నోరు మూయించిన మనిషిని నేను చూడలేదు.

ఎనిఫా మైదానం మధ్యకి నడిచింది. "ఆయన్ని అడగొద్దయ్యా. ఎవరి ఒంటి సంగతి వాళ్ళది. లాగి చెప్పించి గెలిస్తే, రేపు ఆ బల్ల దగ్గర కూర్చుని ఎవరి గుట్టు కాపాడతాను? ఆయన దారి తెరవడానికొచ్చాడు, తెరిచాడు. సమానమంటే సమానమే. ఓడితే మళ్ళీసారి నిలబడతాను."

ఇన్ని రోజుల మాటల్లో చిక్కుడు గింజలకి ఆమె ఈ మాట చెప్పనే లేదు.

వాట్సన్ టోపీ సర్దుకున్నాడు. లుహంగా మైకు పైకెత్తాడు.

"ఆగు" అన్నాడు యోతాము మామయ్య.

తల మీది కొత్త టోపీ తీశాడు. చేతికర్రని రెండు కాళ్ళ మధ్య నేలలోకి గుచ్చాడు, గుడిసెకి గుంజ పాతినట్టు.

"నన్నూ లెక్కపెట్టయ్యా."

"ఇంటి తరపునా?" లుహంగా మెల్లగా అడిగాడు.

"కాదు. ఒంటి తరపున." ఒకసారి అన్నాక మిగతాది దానంతటదే వచ్చింది. "నా మందు ఈ పిల్లే మోసుకొస్తోంది. నేను దాన్ని మేకపాక చూరులో పెట్టుకుంటున్నాను. ఇన్నాళ్ళూ మేకలకి తెలుసు. ఇప్పుడు మీకూ తెలిసింది."

"మాకూ తెలుసులే" అంది డొరికా.

"నీకు తెలుసని నాకూ తెలుసే ముసలిదానా. నోరు మూసుకుని ఉన్నావు చూడు, అదే నేను నమ్మలేకపోయింది."

ఆ తర్వాత ఎవరేమన్నారో నాకు సరిగా వినబడలేదు. ఆడవాళ్ళ కేకలకి చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. తోబ్వా కుండలు చేతులు మారాయి. ఆలుగడ్డల అక్కచెల్లెళ్ళు ఎనిఫాని రెండు వైపులా పట్టుకుని ఆడించారు. చెట్ల కింద నుంచి ఒక ముసలాయన లేచాడు. యోతాము మామయ్యని నిలదీస్తాడనుకున్నాను. నిలదీయలేదు. వచ్చి మా వరుస చివర, ఆయన వెనక నిలబడ్డాడు. లెక్క అయిపోయిందని ఎవరూ ఆయనతో అనలేదు.

వాట్సన్ ఎనిఫా దగ్గరకొచ్చాడు. "ఆ హాల్లో చల్లగా ఉంటుంది. కోటు తీసుకుపోమ్మా" అన్నాడు. "మొదటి పూట ఎవరూ నీ వైపు చూడరు. మైకు మీట నొక్కి పట్టుకుంటేనే పలుకుతుంది. నాకు రెండేళ్ళు తెలియలేదు." అంత చెప్పి మోటారు సైకిలెక్కి పోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఎనిఫా వెనక కూర్చుని దారంతా మాట్లాడింది. నేను తొక్కాను.

డిసెంబరులో ఆమె లిలోంగ్వే పోయిన రోజే జట్టులో మందు తెచ్చే వంతు కూడా ఆమెదే అయింది. నేను పోతానన్నాను. కుదరదంది డొరికా. వంతు మారితే జట్టులో ఇంతవరకూ పోని మనిషే పోవాలట. ఆ మనిషి ఎవరో అందరికీ తెలుసు.

"ఈ వయసులో నన్ను సంచీ మోయిస్తారా" అంటూనే యోతాము మామయ్య నా సైకిలు క్యారేజీ ఎక్కాడు. నల్ల కోటు, వెండిపొన్ను కర్ర. హెల్త్ సెంటరు గుమ్మం ముందు దిగి, ఒకసారి చుట్టూ చూసి, కోటు బొత్తాం పెట్టుకుని లోపలికి నడిచాడు. వచ్చేటప్పుడు ఆరుగురి డబ్బాలూ సంచీలో గలగలలాడుతున్నాయి. "ఆ నర్సమ్మ నన్ను కూర్చోమంది" అన్నాడు ఆశ్చర్యంగా.

మేం అక్కడ ఉండగా కొండ మీద వాన పడింది. తిరిగొచ్చేసరికి వాగు పొంగి ఉంది. సైకిలు నేను భుజాన ఎత్తుకున్నాను. ఆయన పంట్లాం మడిచి, సంచీ నెత్తిన పెట్టుకుని, కర్రతో లోతు చూసుకుంటూ దిగాడు. ఎర్రటి నీళ్ళు. మధ్యకొచ్చేసరికి మడిచిన పంట్లాం ఎందుకూ కొరగాలేదు.

"అల్లుడూ, ఇది ఇంత లోతుంటుందని నాకెవరూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు మామగారూ."

ఆయన ఆగి నా వైపు చూశాడు. నేను ఆయనతో అంత మాట అనడం అదే మొదలు. సరిగ్గా అప్పుడు నా చొక్కా జేబులో ఫోను మోగింది. ఒక భుజాన సైకిలు మోస్తూ రెండో చేత్తో తీశాను.

"ఎక్కడున్నారు?" ఎనిఫా గొంతు. ఆమె చుట్టూ ఏదో హాలు గుసగుస.

"వాగులో."

"నిజంగానా? మామయ్య?"

"వాగులోనే."

అవతల మైకు మీట నొక్కిన చప్పుడు. ఆమె ఎవరితోనో అంటోంది. "ఈ వాగు దాటడం అంత కష్టమా అని అడిగారు కదండీ. నేను చెప్పక్కర్లేదు. మా మేనమామ ఇప్పుడు అందులోనే ఉన్నాడు, మందు మోసుకొస్తూ. ఆయన మాట్లాడతాడు." మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చి మెల్లగా అంది. "మామయ్యా, దారి తెరిచాను. మాట్లాడు. గంటసేపు వద్దు."

నేను ఫోను ఆయన నోటి దగ్గర పెట్టాను. యోతాము మామయ్య నెత్తిన సంచీని ఒక చేత్తో గట్టిగా పట్టుకున్నాడు. నీళ్ళు ఆయన కోటుని పక్కకి లాగుతున్నాయి. గొంతు సవరించుకున్నాడు.

"నడుం దాకా ఉందయ్యా" అన్నాడు. "నేను మగవాణ్ణి, నా వీపున బిడ్డ లేదు. అయినా కాళ్ళు నిలవట్లేదు. నా నెత్తిన ఆరుగురి మందు ఉంది. ఒక్కణ్ణి వచ్చాను. ఆరుగురం రావాలంటారా? మళ్ళీ చేతులెత్తండి. ఈసారి ఈ వాగు వైపు చూసి ఎత్తండి."

అవతల నవ్వులు వినబడ్డాయి, తర్వాత కుర్చీలు కదిలాయి. ఆ పైన ఎనిఫా గొంతు. ఏ ఒక్కటీ మర్చిపోకుండా, మా వైపు ఊళ్ళన్నీ వరసగా చెబుతోంది.

"ఫోను తడవనీకు" అన్నాడు యోతాము మామయ్య. ఒడ్డుకి ఇంకా సగం వాగు ఉంది. అయినా మేమిద్దరం కదల్లేదు. అక్కడే నిలబడి విన్నాం.